నాగూర్‌బీ ఇచ్చిన రెండు బిందెలు

2068 ఫిబ్రవరి 6, సోమవారం

పనులు: సామాను దించడం, బూజు దులపడం, ఇల్లు రెండుసార్లు ఊడవడం, ఒక పూట వంట (అన్నం, పెసరపప్పు). తడిగుడ్డ పెట్టలేదు. నీళ్లు: రెండు బిందెలు, అప్పు.

పొద్దున్నే పాలేటిమిట్ట చేరాం. మా ఇంటి మీటరు రేపు తెరుస్తారట. ముందే చెప్పి ఉంటే క్యాను నింపి తెచ్చుకునేదాన్ని. సీసాలో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎండ సైరన్ మోగాక ఎవరూ వీధిలోకి రాకూడదు కనుక తలుపు వేసుకుని కూర్చున్నాం. సైరన్ ఆగాక ఎవరినైనా అడుగుదామని తలుపు తీస్తే, పక్కింటి పెద్దావిడ చంకన బిందెతో గుమ్మం ముందే నిలబడి ఉంది.

"ఏంది, వచ్చినకాడి నుంచి తలుపేసుకున్నారు. నీళ్లున్నాయా?"

"మీటరు రేపు తెరుస్తారటండీ."

"రేపటిదాకా ఏం తాగుతారు, గాలా?"

ఆవిడ పేరు నాగూర్‌బీ. డెబ్బై ఏళ్లుంటాయి. ఇంట్లో కోడలు షాహీన, ఐదు నెలల మనవరాలు, దొడ్లో ఒక గేదె. కొడుకు ఎక్కడో సోలారు పలకల తోటలో పనికి పోయాడు. నేను వద్దనే లోపల బిందె దించేసి, వెళ్లి ఇంకోటి తెచ్చింది. నడుం పట్టుకుని కాసేపు మా అరుగు మీద కూర్చుంది.

"రెండు బిందెలు. రాసుకుంటున్నాను పెద్దమ్మా. ఎల్లుండి ఇచ్చేస్తాను," అన్నాను.

"రాసుకో. నేనడిగినప్పుడియ్యి. అడక్కముందే మోసుకొచ్చావంటే మాత్రం గుమ్మం ఎక్కనియ్యను," అంది.

ఫిబ్రవరి 7, మంగళవారం

పనులు: మీటరు సీలు దగ్గరుండి వేయించడం, డ్రమ్ము కడగడం, రెండు పూటల వంట, పక్క దుప్పట్లు ఎండబెట్టడం. వాడకం: నాలుగు బిందెలు. కడుగుళ్ల రోజు కనుక ఎక్కువ.

ఈ చిట్టా ఆదివారం ఆదివారం సంఘం కమిటీకి వెళ్తుంది. కొత్తగా చదివేవాళ్లకి కూడా తెలియాలి కనుక ఒక్కసారి రాసిపెడతాను.

మా ఆయన రిత్విక్ పనిచేసే సమవాటా సలహా సంఘానికి వేరే యజమాని లేడు. పనిచేసేవాళ్లందరూ వాటాదారులే. ఊళ్లకీ ఆసుపత్రులకీ కంప్యూటరు పద్ధతులు రాసిస్తారు. వాటాదారుల భార్యలకీ భర్తలకీ కూడా ఓటుంది, నాకూ ఉంది. సంఘం పెట్టినవాళ్లు మొదటే ఒక నియమం చేశారు. మనం రాసిన పద్ధతి ఏ ఊళ్లో నడుస్తుందో, ఆ ఊళ్లో మన కుటుంబం ఒకటి ఏడాది కాపురం చేయాలి. పక్కవాళ్ల విస్తట్లో వడ్డించేది ముందు మనం తినాలని. దీన్ని కాపుర నియమం అంటారు. ఈసారి చీటీలో మా పేరు వచ్చింది.

పాలేటిమిట్ట కింద భూమిలో నీళ్లు లేవు. సముద్రపు ఒడ్డున ఉప్పునీళ్లని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు నుంచి గొట్టంలో రావాలి. ఎంత మంచినీళ్లు తీస్తే అంత చిక్కని ఉప్పు తిరిగి సముద్రంలోకి పోతుంది. ఆ ఒడ్డున చేప చచ్చి, జాలరి పల్లెలు ఖాళీ అవుతున్నాయి. అందుకే బిందె కూడా వృథా కాకుండా వీధులకి పంచే పద్ధతిని సంఘం రాసింది.

ఎంత కావాలని వీధిలోవాళ్లని అడిగితే రెండింతలు చెబుతారు. మేము అబద్ధం చెప్పమని ప్రమాణం చేసి వచ్చినవాళ్లం. అందుకని మా ఇల్లే కొలత. మొదటి పంపకం తలకి రోజుకి మూడు బిందెలు. తర్వాత మా ఇంటి వాడకం ఎంతుంటే, వీధిలో తలకి అంతకు దగ్గరగా పద్ధతే సర్దుకుంటుంది.

ప్రమాణం ఇది: ఎవరికీ నీళ్లు ఇవ్వం, ఎవరి దగ్గరా పుచ్చుకోం, వాడిందంతా రాస్తాం. తప్పితే ఆ విషయం కమిటీకి అందిన రోజు నుంచే కొలత రద్దు. కొత్త కుటుంబం వచ్చేదాకా వీధికి మళ్లీ మొదటి పంపకం. మా వాటా సంఘానికి పోతుంది. రిత్విక్ పాతికేళ్ల ఉద్యోగం ఆ వాటాలోనే ఉంది. మాకు ఇల్లు లేదు, పిల్లలు లేరు.

నిన్నటి అప్పు మీటరు తెరవకముందుది కనుక తప్పు కాదట. తిరిగి ఇస్తే మాత్రం తప్పట. బాధ్యతల కమిటీ చూసే ప్రణతి గారికి ఫోన్ చేసి అడిగితే నవ్వారు. "ఏడాది అయ్యాక ఇచ్చేయండి జోషిత గారూ. వడ్డీ కింద ఒక చెంబు కలపండి."

ఫిబ్రవరి 26, ఆదివారం

పనులు: పప్పులు ఎండబోయడం, గిన్నెలు బూడిదతో తోమి గుడ్డతో తుడవడం, మిద్దె మీద సున్నం వేయడం. వాడకం: రెండు బిందెలు, అదీ ఇద్దరికీ కలిపి.

బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడుగుతాను. ఆ నీళ్లతో అంట్లు. ఆ నీళ్లు కరివేపాకు మొక్కకి. తలస్నానానికి ఒక చెంబు నీళ్లు, తడిగుడ్డ చాలు. మా అమ్మ నాకు బంగారం పెట్టలేదు కానీ ఇది నేర్పింది. ప్రణతి గారు ఇన్నేళ్లలో ఇంత చక్కటి కొలత ఇల్లు చూడలేదన్నారు. రాత్రి భోజనాల దగ్గర రిత్విక్‌కి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన, "విన్నాన్లే, ఇంకోసారి చెప్పినా సంతోషమే," అన్నాడు.

ఆయన సోమవారం తెల్లవారుజామున రైల్లో ఒడ్డున ప్లాంటుకి పోయి గురువారం సాయంత్రం వస్తాడు. పద్ధతి బాగోగులు అక్కడి నుంచే చూడాలి.

మార్చి 18, ఆదివారం

పనులు: ఉతుకులు, నిమ్మకాయ పచ్చడి, మీటరు గాజు తుడవడం. వాడకం: ఒకటిన్నర బిందె.

వీధికి పంపకం తలకి బిందెన్నరకి దిగింది. బ్యాటరీలు బాగుచేసే దావీదు మా గోడకి సైకిల్ ఆనించి మాట్లాడాడు.

"అక్కా, నువ్వొచ్చినాక మా వీధంతా బుద్ధిమంతులమైపోయాం. నిన్న మా ఆవిడ గ్లాసు కడగబోయి, అందులో ముఖం చూసుకుని పెట్టేసింది."

"నేనేం చేశాను దావీదూ?"

"నువ్వేం చెయ్యలా. అదే గదా. స్నానం చెయ్యవు, వాకిలి కడగవు, ముగ్గెయ్యవు. నువ్వెంత చెయ్యకపోతే మాకంత తగ్గిద్ది."

నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం నవ్వలేదు. అంతకు ముందు పొద్దున్న నన్ను చూసి పలకరించే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఈ వారం తల తిప్పుకుని పోతున్నారు.

పద్ధతి పిల్లలున్న ఇంటికీ, ముసలివాళ్లున్న ఇంటికీ కాస్త కలిపి ఇస్తుందని నేను అనుకున్నాను. కలపదట. కలిపితే అందరూ పిల్లల్ని చూపిస్తారని తీసేశారట. చంటిపిల్లకి అర తల. గేదెకి లేనేలేదు.

"దానికి తల లేదనుకున్నారేమో," అంది నాగూర్‌బీ. "కొమ్ములు చూపిస్తే సరిపోయేది."

ఏప్రిల్ 5, గురువారం

పనులు: రెండు పూటల వంట, బియ్యంలో పురుగు ఏరడం. వాడకం: ఒకటింబావు బిందె.

నాగూర్‌బీ గేదెని అమ్మేసింది. తోలుకుపోయేవాడు వచ్చినప్పుడు లోపలికి పోయి కూర్చుంది, బయటికి రాలేదు. గేదె మా గోడ దగ్గర ఆగి తొట్టి వాసన చూసింది. తొట్టి ఎండిపోయి ఉంది.

సాయంత్రం పలకరించడానికి వెళ్లాను. ఆవిడ కాళ్లు వాచాయి. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ చాలామందికి మూత్రపిండాలు దెబ్బతింటాయట. ఆవిడకి మూడేళ్లుగా ఉంది.

"డాక్టరేమన్నాడు పెద్దమ్మా?"

"ఒక సీసా చూపించి, రోజుకి ఇన్ని తాగమన్నాడు. సీసా మాత్రం ఇచ్చాడు."

షాహీన పిల్లని ఊపుతూ లోపల నుంచి అంది: "మా అత్త తాగదక్కా. పిల్ల గుడ్డలుతకాలని ఉంచుద్ది. నేనరిస్తే నా ముందర గ్లాసెత్తుద్ది, గుటక వెయ్యదు."

"గుటకలు లెక్కపెట్టే కోడలు నాకే దొరికింది," అంది నాగూర్‌బీ.

ఏప్రిల్ 14, శనివారం

పనులు: అలమర సర్దడం. వాడకం: ఒకటింబావు బిందె.

రిత్విక్ సంచి విప్పి చొక్కాలు అలమరలో పెడుతున్నాను. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, లోపలి బట్టలు, తువ్వాలు. అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి ఉన్నాయి. ప్లాంటు అతిథి గృహంలో చేసి ఇస్తారు. ప్రతి వారం ఇలాగే వస్తాయి, ప్రతి వారం ఇలాగే పెడుతున్నాను. ఇవాళ మాత్రం చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

ఈ ఇంటికి వచ్చాక ఆయన చొక్కా ఒక్కటీ నేను ఉతకలేదు. వారంలో సగం ఆయన స్నానం అక్కడ, తిండి అక్కడ, మంచినీళ్లు అక్కడ. పద్ధతి మాత్రం ఈ ఇంట్లో రెండు తలలని లెక్కేసుకుంటోంది. నా పొదుపు అనుకున్న దాంట్లో సగం పొదుపు కాదు, మనిషి ఇంట్లో లేకపోవడం. ఆ లేని మనిషి నీళ్లని వీధిలో ప్రతి తల నుంచీ తీసేశారు.

రిత్విక్‌ని పిలిచి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని చొక్కా అందుకున్నాడు.

"నేనే రాశాను ఆ భాగం," అన్నాడు. "హాజరు వేరే పట్టికలో ఉంటుంది. రెండూ కలపాలని ఎవరికీ తట్టలేదు."

"ఇప్పుడు తట్టింది కదా. కలుపు."

"నా అంతట నేను కలపకూడదు జోషీ. నడుస్తున్న పద్ధతిని ఒక్కడు ముట్టుకోకూడదని మనమే ఓటేశాం. నువ్వూ వేశావు."

వేశాను. నిజమే.

ఏప్రిల్ 16, సోమవారం

పనులు: రెండు స్నానాలు, గచ్చు కడగడం, దుప్పట్లు ఉతకడం, వాకిలి కడిగి ముగ్గు వేయడం. వాడకం: ఆరు బిందెలు.

ముగ్గు వేసి రెండు నెలలు దాటింది. చేతికి గీత కుదరలేదు. ఎక్కువ వాడితే కొలత పెరిగి వీధికి ఎక్కువ వస్తుందని ఆశ. మా ఇంటికి వచ్చేదీ మేం వాడేదానికి దగ్గరగా తగ్గింది కనుక, డ్రమ్ములో మిగిలి ఉన్నదంతా ఊడ్చాను. వీధిలో ఆడవాళ్లు నిలబడి నేను వాకిలి కడగడం చూశారు. ఒకావిడ తన చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, తడి మీద వట్టికాళ్లతో నిలబడిపోయింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 17, మంగళవారం

వాడకం: అర బిందె. ఉన్నది అంతే.

మీటరు మీద సందేశం: "అసాధారణ వాడకం. లీకేజీగా పరిగణించి లెక్క నుంచి తొలగించడమైనది."

ఏప్రిల్ 18, బుధవారం

పనులు: ఒక పూట వంట. కమిటీకి ఉత్తరం. వాడకం: ఒక బిందె.

అన్నీ రాసి పంపాను: చొక్కాల సంగతి, గేదె సంగతి, నాగూర్‌బీ కాళ్ల సంగతి. సాయంత్రం ప్రణతి గారు ఫోన్ చేశారు.

"చాలా మంచి పరిశీలన జోషిత గారూ. ఇదే కదా కాపుర నియమం ఉద్దేశం. కానీ కొలత మార్చాలంటే సర్వసభ్య సభ ఓటు కావాలి. మే పదమూడున ఉంది."

"అప్పటిదాకా ఎండలు ఆగవు కదండీ."

"నాకు తెలుసు. అలాగని నేనొక్కదాన్నీ నిర్ణయం తీసేసుకుంటే, ఇక మనం అందరి సంఘం ఎలా అవుతాం?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడ ఇంట్లో ఫ్యాను కూడా వేసుకోరని అందరికీ తెలుసు.

మే 13, ఆదివారం

పనులు: సభకి కూర్చోవడం. వాడకం: ముప్పావు బిందె.

పంపకం తలకి ఒక బిందెకి దిగింది. రిత్విక్, నేను తెర ముందు పక్కపక్కనే కూర్చున్నాం. చొక్కాల మాట చెప్పాను. చాలామంది తలలూపారు. తర్వాత ఒడ్డున జాలరి పల్లెలో కాపురం చేస్తున్న మా సంఘం అమ్మాయి మాట్లాడింది. పొదుపు మొదలయ్యాక ఉప్పు తగ్గి, ఒడ్డున పీతలు తిరిగి కనపడుతున్నాయట. ఊరు వదిలిపోయిన రెండు పడవలవాళ్లు వెనక్కి వచ్చారట. ఒక పీతని చేతిలో పట్టుకుని చూపించింది. చిన్నది, గోరంత ఎర్రటి డెక్కలు. సభ మొత్తం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పీత అబద్ధం కాదు.

ఆ తర్వాత ఓటు. కొలతని వెంటనే మార్చాలా, వానలు పడ్డాక ఒక బృందాన్ని పంపి పరిశీలన చేయించి మార్చాలా. నేను వెంటనే అని చెయ్యెత్తాను. రిత్విక్ ఎత్తలేదు. రెండోదానికీ ఎత్తలేదు. వానల తర్వాతే అని తేలింది. చివర్లో మా కుటుంబానికి అభినందన తీర్మానం చేశారు.

తెర ఆర్పాక అడిగాను: "చెయ్యి ఎందుకెత్తలేదు?"

"నేను రాసిన తప్పు. సరిదిద్దమని నేనే ఎలా ఓటేస్తాను, వద్దని మాత్రం ఎలా వేస్తాను?"

"మూడోది ఉంది. ప్రమాణం తప్పి, పక్కింటికి నీళ్లిచ్చి, ఆ మాట రాసి పంపితే కొలత ఆ రోజే రద్దవుతుంది. వీధికి మూడు బిందెలూ వస్తాయి."

"వాటా పోతే ఈ వయసులో మనం ఎక్కడుంటాం జోషీ?" అన్నాడు. అడగడానికే అడిగాడు, గట్టిగా కూడా కాదు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

మే 15, మంగళవారం

పనులు: ఒక పూట వంట. వాడకం: అర బిందె.

దావీదు కొత్త బ్యాటరీ తెచ్చాడు. డబ్బు పుచ్చుకోకుండా నిలబడ్డాడు.

"రాయకుండా ఇస్తే ఎవరు చూసొచ్చారక్కా? ముసలామెకి ఒక చెంబు గోడ మీద నుంచి అందించు. దేవుడు నీ పుస్తకం తెరిచి చూడడు."

"ఒక చెంబు ఆవిడకి అందుతుంది దావీదూ. రాస్తే వీధి మొత్తానికి అందుతుంది."

"మరి రాయి."

చీపురు పుల్లలు సర్దుకుంటూ ఉండిపోయాను.

"చదువుకున్నోళ్లు ఇంతే," అన్నాడు నెమ్మదిగా. "చేస్తే మొత్తం చెయ్యాలంటారు. మొత్తం చెయ్యలేరు గనక కొంచెం కూడా చెయ్యరు."

సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఈసారి నవ్వలేదు.

మే 17, గురువారం

పనులు: ఏమీ లేవు. వాడకం: పావు బిందె.

నాలుగు రోజులుగా తాగడానికీ ఒక పూట వంటకీ తప్ప నీళ్లు ముట్టలేదు. రెండు బిందెలు కూడబెట్టాను. రిత్విక్ సాయంత్రం రైలు దిగేలోపు పని అయిపోవాలని, సైరన్ ఆగగానే ఒక బిందె చంకనెత్తుకుని పక్కింటికి వెళ్లాను.

నాగూర్‌బీ నులకమంచం మీద పడుకుని ఉంది. ముఖం ఉబ్బి, కళ్లు చిన్నవైపోయాయి. బిందె చూసి మోచేతి మీద లేచింది.

"ఏందది?"

"మీ బాకీ పెద్దమ్మా. ఒకటి తెచ్చాను, ఇంకోటి తెస్తాను. ఇచ్చి, ఇచ్చానని రాసి పంపిస్తాను. రేపటి నుంచి వీధికి మళ్లీ మూడు బిందెలు వస్తాయి."

"నీ మొగుడి వాటా?"

నేను బిందె చంక మార్చుకున్నాను.

"దావీదు చెప్పాడులే. ఇరవై అయిదేళ్ల కష్టమంట. నేను తాగబోయే నీళ్లలో అంత ఉప్పు కలుపుతావా తల్లీ? నాకెక్కవు." మళ్లీ పడుకుంది. "వానలకి మీవాళ్లు వస్తారన్నావుగా. అప్పటిదాకా నేనేం పోను. దించకు, దించావంటే పారబోస్తా. చెప్పానా, నేనడిగినప్పుడియ్యమని?"

"ఇప్పుడు అడగండి పెద్దమ్మా."

"ఇప్పుడు దాహంగా లేదు," అంది గోడవైపు తిరిగి.

షాహీన గుమ్మంలో కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. బిందె తిరిగి తెచ్చేశాను. వెళ్లేటప్పటికంటే బరువనిపించింది. అడక్కపోయినా అక్కడే దించేసి రావలసింది. దావీదు చెప్పింది నా గురించే. ఆవిడ వద్దన్నందుకు నాలో ఒక మూల ప్రాణం కుదుటపడింది కూడా. అదీ రాయాలి, వాడిందంతా రాస్తామన్నాం.

మే 20, ఆదివారం

పనులు: రెండు పూటల వంట. వాడకం: అర బిందె.

నాగూర్‌బీని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేశారు. మంచాలు ఖాళీ లేవట, రక్తం శుద్ధి చేసే మిషన్‌కి కూడా నీళ్లు సరిపోవడం లేదట. రిత్విక్ ఆటో నుంచి ఆవిడని చేతుల మీద లోపలికి మోసుకెళ్లాడు. తిరిగొచ్చి, "పిల్లంత బరువు లేదు," అన్నాడు. అన్నం తినలేదు. తెల్లవారుజాము రైలుకి సంచి సర్దుకుని, గుమ్మంలో ఆగి డ్రమ్ము వైపు చూశాడు.

మే 22, మంగళవారం

పనులు: రేగాకు కోసుకురావడం, పొయ్యి రాజెయ్యడం, నీళ్లు కాచడం, చంటిపిల్లని ఎత్తుకోవడం. వంట లేదు.

తెల్లవారాక షాహీన వచ్చింది. తలుపు తట్టలేదు, గుమ్మం బయట నిలబడి పిలిచింది.

"అక్కా, అత్తమ్మ పోయింది."

తర్వాత షాహీన అప్పజెప్పినట్టు చెప్పింది.

"నిన్న సందేళ నాతో అంది. 'నాకు చివరి స్నానం పోసేదానికి ఇంట్లో నీళ్లుండవు. పక్కింటామె దగ్గర నాయి రెండు బిందెలున్నాయి. అప్పుడడుగు. ఇప్పుడు నేనడిగానని చెప్పు' అంది. 'అప్పటికి ఆమె వద్దనలేదు, నేనూ వద్దనలేను' అని నవ్వింది కూడా."

రిత్విక్‌కి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను, ఏం చేయబోతున్నానో చెప్పాను. అవతల ప్లాంటు మోటార్ల చప్పుడు వినపడుతోంది.

"ఒకేసారి రెండూ ఎత్తకు," అన్నాడు. "నడుం పట్టుకుంటుంది."

ఒక్కోటీ మోసుకెళ్లాను. వీధిలో జనం దారి ఇచ్చారు. దావీదు చెయ్యి సాయం వచ్చాడు, వద్దన్నాను. రేగాకు వేసి కాచిన నీళ్లతో వాళ్ల ఆడవాళ్లు లోపల స్నానం పోశారు. నేను బయట అరుగు మీద పిల్లని ఎత్తుకుని కూర్చున్నాను. నీళ్లు పోస్తున్న చప్పుడు వినపడింది. చెంబు తర్వాత చెంబు, ఎక్కడా ఆపకుండా, తగ్గించకుండా. ఈ వీధిలో అలాంటి చప్పుడు విని చాలా రోజులైంది. తూము నుంచి బయటికి వచ్చిన నీళ్లు ఎండిన తొట్టి పక్క నుంచి పారి, వీధి మధ్య దాకా వచ్చి ఇంకిపోయాయి. ఎవరూ తొక్కలేదు.

ఎండ సైరన్ లోపే తీసుకెళ్లిపోయారు.

ఆదివారం దాకా ఆగకుండా ఈ చిట్టా ఇప్పుడే కమిటీకి పంపుతున్నాను. అందిన రోజు నుంచే వీధికి మొదటి పంపకం అని నియమంలో ఉంది. అదైనా అభినందన తీర్మానమంత త్వరగా జరగాలి. మా వాటా గురించి చేయవలసింది చేయండి, మేం అడ్డుచెప్పం. తర్వాత వచ్చే కుటుంబానికి రెండు మాటలు: మీ ఇంట్లో మనిషి బయట చేసే స్నానాలు కూడా రాయండి. గోడ అవతల కుడివైపు ఇంట్లో ఒక చంటిపిల్ల ఉంది, అర తల కాదు.

ఈ రోజు వాడకం: తాగడానికి పావు బిందె. స్నానానికి రెండు బిందెలు. ఎవరి స్నానమో రాయడానికి పట్టికలో గడి లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను: షేక్ నాగూర్‌బీ, పక్కిల్లు.

ఫిబ్రవరి 6న పుచ్చుకున్న రెండు బిందెలు, ఆవిడ అడిగాక, ఈ రోజు ముట్టజెప్పాను. చెల్లు.